ఒక చేత్తో తినే తిండి

మా వీధి చివర పిండిమర ఉంది. మొన్న ఆదివారం పొద్దున్నే బియ్యప్పిండి పట్టించుకుందామని డబ్బా పట్టుకుని వెళితే, నా ముందు ఎవరో వేయించిన చోళ్ళు ఆడించుకుంటున్నారు. రాగులను మా శ్రీకాకుళం వైపు చోళ్ళు అంటాం. మరకు కట్టిన గుడ్డ గొట్టంలోంచి పిండి వేడివేడిగా డబ్బాలోకి దిగుతుంటే ఆ వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. మాడీ మాడని గింజ కమ్మదనం, దాని అడుగున తడిసిన మట్టి వాసన లాంటిదేదో. పక్కకు జరిగి అక్కడే నిలబడిపోయాను. మర ఆయన "మీ డబ్బా ఇటివ్వండమ్మా" అని రెండుసార్లు పిలిస్తే గానీ నాకు వినిపించలేదు.

పన్నెండేళ్ళ కిందట, నేను పచ్చి బాలింతగా ఉన్న రోజుల్లో, మా అద్దె ఇంటి పెరడంతా వారానికోసారి ఆ వాసనే నిండి ఉండేది. దానికి కారణం వరహాలమ్మ గారు. అరసవల్లిలో గుడికి వెళ్ళే రోడ్డు మీద మా వాటాను ఆనుకుని వాళ్ళ కిరాణా కొట్టు, కొట్టు వెనక ఇల్లు ఉండేవి. తరతరాలుగా వర్తకం చేసుకునే కుటుంబం. భర్త పోయాక కొట్టు కొడుకు చూసుకునేవాడు. ఆవిడ మాత్రం గల్లాపెట్టె దగ్గర కాకుండా బస్తాల మధ్య చిన్న పీట వేసుకుని కూర్చునేవారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం ఆదివారం గుడికి వచ్చే ఆటోల హారన్లన్నిటినీ దాటి వినిపించేది. కందిపప్పు గింజను గోటితో నొక్కి చూసి అది ఏ కారు పంటదో చెప్పేసేవారు. నాకు చుట్టం కాదు, మా కులం కాదు, వయసులో నాకు తల్లి కన్నా పెద్ద. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

మా అమ్మ నేను బీఈడీ చదువుతుండగానే పోయింది. నెల్లిమర్లలో నాన్న ఒక్కడే ఉండేవాడు. వండి పెట్టే ఆడదిక్కు లేని ఇంటికి పురిటికి ఎలా వెళ్తాను? అందుకని మా అత్తగారు సింహాచలమ్మ గారే పొలం పనులు వదిలిపెట్టుకుని పల్లె నుంచి వచ్చారు. మా ఆయనకు విశాఖపట్నంలో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవారు. ఇంట్లో నేను, అత్తగారు, పసిగుడ్డు. అత్తగారు చెడ్డమనిషి కాదని ముందే చెప్పాలి. ఆవిడ నా బట్టలు ఉతికారు, నా నడుముకు నూనె రాశారు, పాపకు నీళ్ళు పోసి సాంబ్రాణి వేశారు. కానీ ఆవిడకు తెలిసిన పథ్యం ఆవిడ తన అత్తగారి దగ్గర నేర్చుకున్నది. పొద్దున్న శొంఠి కషాయం. పదకొండు గంటలకు పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. దీపాల వేళకు మళ్ళీ అదే. మధ్యలో ఏమీ లేదు. నీళ్ళు ఎక్కువ తాగితే బాలింతకు పొట్ట జారుతుందని, కాచిన నీళ్ళు పూటకో గ్లాసు ఇచ్చేవారు.

పాలిచ్చే తల్లి ఆకలి మామూలు ఆకలి కాదు. అది కడుపులో కాదు, ఎముకల్లో మొదలవుతుంది. పాప రొమ్ము పట్టుకోగానే నాలుక పిడచకట్టుకుపోయేది. అన్నం పళ్ళెం వచ్చే వేళకు పాప ఏడుపు అందుకునేది. ఎత్తుకుని పాలిచ్చి, పడుకోబెట్టి చూసుకుంటే అన్నం చల్లారి గడ్డకట్టి ఉండేది. నాకు తినాలనిపించేది కాదు. పాప పుట్టి పద్దెనిమిది రోజులయ్యాక తూకం వేస్తే పెరగాల్సినంత పెరగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. "పిల్లకి పాలు సాలట్లేదు, డబ్బా పాలు పట్టండి" అని ఒకరు. "ఈ సదువుకున్న పిల్లలకి పాలెక్కడ పడతాయి" అని ఇంకొకరు. నేను తలుపు వైపు వీపు పెట్టి పడుకుని వినేదాన్ని.

ఆ సాయంత్రమే వరహాలమ్మ గారు వచ్చారు. వచ్చినవాళ్ళంతా ముందు ఉయ్యాల దగ్గరకు వెళ్ళేవారు. ఆవిడ వెళ్ళలేదు. నా మంచం పట్టె మీద కూర్చుని, నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకున్నారు.

"ఏటి తిన్నావే పొద్దుట్నుంచీ?"

ఎవరూ అడగని మాట అది. చెప్పబోయి ఏడ్చేశాను. "ఆకలేస్తోంది పెద్దమ్మా. పాలు రావట్లేదు."

ఆవిడ కొంగుతో నా ముక్కు తుడిచారు, చిన్నపిల్లకు తుడిచినట్టు. "అయి రెండు సంగతులే పిల్లా. ఒకటి కాదు. ఆకలి సంగతి నాకు తెల్సు, నాను సూస్తాను. పాల సంగతి నాకు తెల్దు. తెల్సినోల్ల దగ్గిరికి రేపు ఎల్దాం."

నలుగురు బిడ్డలను కన్న మనిషి, సగం వీధి పురుళ్ళు చూసిన మనిషి, "నాకు తెల్దు" అనడం నాకు ఆశ్చర్యంగా తోచింది. అప్పటిదాకా నాకు సలహా ఇచ్చినవాళ్ళలో తెలియదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మర్నాడు ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టారు. బాలింతను గాలిలోకి తీసుకెళ్ళడమేమిటని మా అత్తగారు అడ్డం పడ్డారు. వరహాలమ్మ గారు వాదించలేదు. "సెవులకి గుడ్డ కట్టు. నువ్వు కూడా రా ఒదినా, నీ మనవరాలు గదా, నువ్వు లేకుండా ఎలగ?" అన్నారు. ఆస్పత్రిలో నర్సు పాప పాలు తాగుతుంటే చూసి, తప్పెక్కడుందో ఒక్క నిమిషంలో పట్టుకుంది. పాప రొమ్ము కొసను మాత్రమే పట్టుకుంటోంది, నోరు నిండా పట్టుకోవడం లేదు. ఎలా ఎత్తుకోవాలో, నోరు ఎలా తెరిపించాలో నా చేతులు పట్టుకుని చూపించింది. అడిగినప్పుడల్లా ఇవ్వమంది. తల్లి కడుపునిండా తినాలని, దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగాలని కూడా చెప్పింది. అది వింటుంటే మా అత్తగారి ముఖం చిన్నబోయింది. ఆవిడ చేతిలో మందుల చీటీ అటూ ఇటూ మడతలు పడుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఇప్పుడు వరహాలమ్మ గారు ఏదో అంటారని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అనాలనే కోరుకున్నాను. పద్దెనిమిది రోజుల దాహం నా గొంతులో ఉంది. టౌనులోని డేఅండ్‌నైట్ సెంటర్ దాటాక ఆవిడ నోరు విప్పారు.

"ఒదినా, మీ ఊర్లో మినపసున్ని పొట్టు మినుములతో సేస్తారా, పప్పుతో సేస్తారా?"

అత్తగారు ఉలిక్కిపడి, "పొట్టుతోటే ఒదినా. పప్పుతో సేస్తే రుసేటుంటాది?" అన్నారు.

"నాకు సరిగ్గా కుదరదు. రేపు మీ పెరట్లో పొయ్యెడితే నాకు సూపిస్తావేటి?"

మర్నాడు మా పెరట్లో పొయ్యి వెలిగింది. వరహాలమ్మ గారు కొట్లోంచి మినుములు, చోళ్ళు, నువ్వులు, తాటిబెల్లం మోయించుకుని వచ్చారు. మా అత్తగారు ఇనప మూకుడు ముందు కూర్చుని సెగ తగ్గించి మినుములు వేయిస్తుంటే, ఈవిడ పక్కన పీట మీద కూర్చుని అన్నీ కొత్తగా వింటున్నట్టు తల ఊపుతూ ఉన్నారు. మధ్యమధ్యలో ఒక మాట మెల్లిగా జారవిడిచేవారు. "నెయ్యి కొంచెం ఎక్కువేద్దామా ఒదినా, పొడి ఉండైతే గొంతుకి అడ్డం పడతాది." "ఇది తిన్నాక నీల్లు తాగకపోతే దిగదు. మంచం కాడ ఓ సెంబు ఉంచీద్దామా?" అత్తగారే లేచి వెళ్ళి రాగి చెంబు నిండా కాచిన నీళ్ళు పోసి నా మంచం పక్కన పెట్టారు. ఆ చెంబు మళ్ళీ ఎప్పుడూ ఖాళీగా ఉండలేదు.

ఆవిడ తెలివి నాకు బాగా అర్థమైంది తరువాతి వారం. బాలింతలకు సున్నుండలు అందరూ పెడతారు, అందులో వింతేమీ లేదు. కానీ ఆవిడ ఒక పూటంతా నా గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, నేను పాలిస్తుంటే చూశారు. పాపను చూడలేదు, నా చేతులను చూశారు. ఆఖరికి, "నీకు సెయ్యి ఒక్కటే ఉన్నాదే" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "రెండోది పిల్ల కింద ఉన్నాది గదా. రోజులో సగం నువ్వు ఒంటిసేతి మనిసివి. అన్నం కలపనేవు, కూర నంజనేవు. మరి ఒక సేత్తో తినీది ఏటి సెయ్యాల?"

అక్కడి నుంచి ఆ మనిషి దాని మీదే పడ్డారు. మొదట చోడిపిండి, వాము కలిపి జంతికలు చేశారు. కమ్మగా ఉన్నాయి. కానీ నేను కొరకగానే పొడి రాలి పాప కనుబొమ్మల మీద, చెవిలో పడింది. పాప తుమ్మింది. మా అత్తగారు పకపకా నవ్వారు, ఆ ఇంటికి వచ్చాక ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. జంతికలు పోయి, అదే పిండితో ఒక్కొక్కటి ఒక్కసారే నోట్లో పట్టే చిన్న చేగోడీలు వచ్చాయి. సున్నుండ పెద్ద నిమ్మకాయంత ఉంటే కొరికినప్పుడు విరిగి ఒళ్ళో పడుతోందని ఉసిరికాయంత చేశారు. చిమ్మిలి అంటే మా వైపు నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచుతారు. అది చేతికి జిడ్డుగా అంటుకుంటోందని పైన వేయించిన చోడిపిండి అద్దారు. మునగాకు నీడన ఎండబెట్టి వేయించి, వేరుశనగ గుళ్ళతో కలిపి కారప్పొడి కొట్టి, అది విడిగా కాకుండా చిన్న చిన్న చోడి రొట్టెల్లోనే పెట్టి కాల్చేశారు. ఆవిడ షరతులు నాలుగైదు ఉండేవి. వేడి చెయ్యక్కర్లేకుండా తినేలా ఉండాలి. రాలకూడదు. అంటకూడదు. వారం పదిరోజులు నిలవుండాలి. మూత ఒక చేత్తో తెరుచుకోవాలి. ఈ ఆఖరి షరతు కోసం ఆవిడ కొట్లో ఉన్న డబ్బాలన్నీ ఎడమచేత్తో తెరిచి చూశారట. స్టీలు డబ్బాలు బిగుసుకుపోతున్నాయని పక్కన పడేసి, మూత పైకి లేచే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఏరి తెచ్చారు.

పాప నోరు నిండా రొమ్ము పట్టుకోవడం నేర్చుకుంది. నేను తినడం నేర్చుకున్నాను. ఆ పై తూకానికి పాప బరువు పెరిగింది. నేను ఆనందం పట్టలేక, "మీ ఉండల చలవే పెద్దమ్మా" అంటే ఆవిడ కస్సుమన్నారు. "ఉండలకి పాలు రావే. పిల్ల లాగితే వస్తాయి. ఉండలు నీకు, పిల్లకి కాదు. నువ్వు మనిసివి కావేటి?"

ఆ మాట వెనక ఉన్నదేమిటో నాకు మూడోనెలలో తెలిసింది. మధ్యాహ్నం పాప నిద్రపోతోంది. మేమిద్దరం చేటలో నువ్వులు చెరుగుతున్నాం. అత్తగారు పల్లెకు వెళ్ళి ఉన్నారు. ఏదో మాట మీద, మీకు తొలి కాన్పు ఎవరు చేశారు పెద్దమ్మా అని అడిగాను. ఆవిడ చేట ఆపలేదు.

"నాకు తొలిసూరు మగపిల్లోడు. ఈ కొట్టే, ఈ ఇల్లే. అప్పుడు ఇంకా పెద్ద యాపారం. పురిటిగది పక్కనే బెల్లం దిమ్మలు, పప్పు బస్తాలు ఉండీవి. ఆటి మజ్జన నాను ఆకలితో పడుకున్నాను. ఓనాడు ఆగనేక లేసెల్లి బెల్లం గెడ్డ తీసుకున్నాను. మా అత్త సూసీసినాది. తిట్టినాదనుకున్నావేటి? నేదు. 'బిడ్డకి పడదు తల్లీ, నా మాట ఇను' అని సెయ్యి పట్టుకోని ఏడ్సినాది. ఆవిడికి ముగ్గురు పోనారు సిన్నప్పుడే. బయ్యం. ఆవిడ ఏడుస్తుంటే సూడనేక ఆ గెడ్డ ఆవిడ సేతిలో పెట్టీసినాను."

నేను కింద రాలిన నువ్వులు ఏరి చేటలో వేశాను.

"పిల్లోడు మూడోనెల నిండకుండా పోనాడు. నా ఆకలి వల్ల పోనాడని నాను అనను. జొరమొచ్చింది. ఏటి జొరమో ఎవులు సెప్పగలరు? నాకు ఆకలేసిందని మాత్రం సెప్పగలను. ఆ సంగతి నాకు తెల్సు."

చేటలో మట్టిబెడ్డ ఒకటి కనిపిస్తే ఏరి బయట పారేశారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పట్టుకోలేకపోయాను. ఆవిడ ఓదార్పు కోసం చెప్పలేదని ఆ గొంతులోనే తెలుస్తోంది. అడిగాను కాబట్టి చెప్పారు, అంతే.

ఆరునెలల సెలవు అయ్యాక నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. నౌపడ దగ్గర ఊళ్ళో హైస్కూలు, లెక్కల టీచర్ని. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కితే నౌపడలో దిగి ఆటో పట్టుకోవాలి. సంచిలో ఆవిడ ఇచ్చిన డబ్బా ఉండేది. పొద్దున్న బండిలో రెండు సున్నుండలు, సాయంత్రం నౌపడ ఉప్పు మళ్ళు దాటేలోపు గుప్పెడు చేగోడీలు. రైలు పెట్టెలో రోజూ వెళ్ళే ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఒక టీచరుగారు డబ్బా చూసి, తన కూతురు పురిటికి వచ్చిందని అడిగారు. తరువాత ఒక నర్సు తన చెల్లెలి కోసం అడిగింది. నేను వచ్చి చెబితే వరహాలమ్మ గారు చేసి పంపుతాననలేదు. "దినుసులు ఆల్లనే తెచ్చుకోమను. ఇంటి మనిసిని ఒకర్ని పంపమను, కూకోని సేసుకుంటారు" అన్నారు. బాలింత వద్దు. ఆమె అత్తో, ఆడపడుచో, మొగుడో రావాలి. ఆ మూకుడు ముందు చెమట కారుస్తూ కూర్చుని వేయించినవాళ్ళు ఇంటికెళ్ళాక ఆ డబ్బాను బీరువాలో దాచి తాళం వెయ్యరు అని ఆవిడ లెక్క. ఒకసారి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు, ఇంట్లో పెళ్ళానికి ఎవరూ లేరని. ఖాకీ చొక్కా విప్పి వంకెకు తగిలించి, బనీనుతో కూర్చుని చిమ్మిలి దంచాడు. అరచెయ్యి బొబ్బెక్కితే "ఓలమ్మో" అన్నాడు. "నీ పెల్లానికి ఇంకెక్కడెక్కడ నొప్పెట్టిందో అడిగినావేటి?" అన్నారు ఆవిడ. అతను సిగ్గుపడి మళ్ళీ రోకలి అందుకున్నాడు.

పేరు పాకింది. టౌనులో స్వీటు దుకాణం పెట్టినాయన ఒకడు ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఉండలు తను అమ్ముతానని అందమైన అట్టపెట్టె నమూనా తెచ్చాడు. దాని మీద పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో "తల్లిపాలు పెంచే లడ్డూ" అని ఉంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇది అబద్దం బాబూ."

"అబద్ధమేటండి, అందరూ అలగే రాస్తారు. తల్లులు నమ్మకంగా తింటారు."

"తింటారు. తిన్నాక పాలు రాకపోతే ఏటనుకుంటారు? లడ్డూ మంచిదే, నాదే తప్పనుకుంటారు. ఆస్పత్రికి ఎల్లరు. ఇంకో పెట్టి కొనుక్కుంటారు. 'ఆకలేస్తే తినండి' అని రాస్తావా? రాస్తే ఇస్తాను."

ఆయన అట్టపెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొడుకు నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఐదోరోజు తనే వచ్చి, మూత తేలిగ్గా లేచే డబ్బాలు కొత్త రకం వచ్చాయని తెచ్చి చూపించాడు.

ఆవిడ ఎప్పుడూ తప్పు చెయ్యలేదని చెప్పను. ఒక ఎండాకాలం ఉద్దానం నుంచి ఎవరో మంచి కొబ్బరికాయలు పంపితే, పచ్చికొబ్బరి కోరి వేయించి ఉండల్లో కలిపించారు. నిలవుంటుందనుకున్నారు. నాలుగోరోజు తన దగ్గర మిగిలిన ఉండ విరిచి చూస్తే కక్కు వాసన. అప్పటికే ఆ ఉండలు ఐదిళ్ళకు వెళ్ళాయి. అది ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోను చేసి చెబుదాం అన్నాను. ఆవిడ వినలేదు. మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని బయల్దేరారు, నేను వెనక నడిచాను. ప్రతి గుమ్మంలోనూ అదే మాట. "ఉండలు పాడైపోనాయమ్మా. పచ్చికొబ్బరి ఎయ్యమన్నాది నానే. నాదే తప్పు. బాలింత తిన్నాదేటి? కడుపులో బాగున్నాదా?" నాలుగిళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు. ఐదో ఇంటి ముసలావిడ మాత్రం వీధిలోకి వచ్చి, బాలింతకు కుళ్ళిన తిండి పెడతావా అని నోటికొచ్చినట్టు అంది. వరహాలమ్మ గారు గొడుగు మడిచి పట్టుకుని ఆ ఎండలో నిలబడి ఆఖరి మాట దాకా విన్నారు. దారిలో నేను కోపంగా ఏదో అంటే, "అనాల్సిందే. అనకపోతే నాకు బయ్యం పట్టుకునీది" అన్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ మళ్ళీ కొబ్బరి జోలికి పోలేదు.

మా పాప ఆరో తరగతిలో ఉండగా వరహాలమ్మ గారు పోయారు. వానాకాలంలో నాలుగు రోజులు జ్వరపడి, ఐదోరోజు పొద్దున్న. అప్పటికి మేం వేరే వీధిలోకి ఇల్లు మారాం. మా అత్తగారికి ఫోను చేసి చెప్పాను. ఆవిడ పల్లె నుంచి మొదటి బస్సెక్కి వచ్చేశారు. అంతా అయ్యాక ఇంటికొచ్చి స్నానాలు చేసి, తడిజుట్టుతో ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. అన్నేళ్ళుగా నా మనసులో ఉన్న మాట అప్పుడు అన్నాను. "మీకు తెలుసా అత్తయ్యా, ఆవిడకు సున్ని చెయ్యడం బాగా వచ్చు. నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నారట. ఆ రోజు మిమ్మల్ని నేర్పమన్నారు గదా..."

అత్తగారు నా వైపు చూడలేదు. "తెల్సు. ఆటోలో అడిగినప్పుడే తెల్సు. కొట్లో పుట్టి కొట్లో పెరిగినదానికి సున్ని రాదేటి? నా కోడలి ముందర, నర్సు ముందర నా మొకం పోనాదని ఆ యమ్మకి తెల్సింది. నన్ను మల్లీ మనిసిని సేద్దారని అడిగినాది." తడిజుట్టు వెనక్కి తోసుకుని, "నాను నిన్ను ఆకలితో ఉంచినానే. నాకు తెల్దు అప్పుడు" అన్నారు. మా ఇద్దరి మధ్య ఆ మాట రావడం అదే మొదలు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకున్నాను.

ఈ ఏడు మా బడికి సాంఘికశాస్త్రం చెప్పే కొత్త టీచరు వచ్చింది, స్వాతి అని. కాన్పు సెలవు అయిపోయి చేరి పట్టుమని పదిరోజులు కాలేదు. మొన్న మూడో పీరియడ్ బెల్లు కొట్టాక స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్న ఏమీ తినలేదని, ఇంట్లో కుదరలేదని, ఇప్పుడు ఎనిమిదో తరగతికి వెళ్ళాలని చెప్పింది. ఆరోగ్యం గురించి, నిర్లక్ష్యం గురించి నాలుగు మంచి మాటలు నా నాలుక చివరి దాకా వచ్చాయి. మింగేశాను. నా క్యారేజీ తీసి ఆమె ముందు పెట్టి, ఆమె చేతిలోని పుస్తకం తీసుకున్నాను. "నువ్వు కూర్చుని తిను. నీ క్లాసు నేను చూస్తాను."

"మీరు లెక్కల టీచరు గదా మేడమ్, పాఠం నదులు..."

"ఫర్వాలేదు."

ఎనిమిదో తరగతిలో నలభైమంది పిల్లలు. నదుల గురించి నాకు తెలిసింది తక్కువే, ఆ మాటే వాళ్ళతో అన్నాను. నాకు నేర్పమన్నాను. ఒక పిల్ల లేచి బోర్డు మీద వంశధార గీసింది. ఇంకొకడు పరుగెత్తుకొచ్చి అది అటు కాదు, ఇటు తిరుగుతుందని చెరిపి మళ్ళీ గీశాడు. వాళ్ళ ఊరి వాగు ఎక్కడ కలుస్తుందో చూపించడానికి వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చారు. ముప్ఫై నిమిషాలు గడిచాయి. ఆ ముప్ఫై నిమిషాలూ పక్క గదిలో ఒక తల్లి కూర్చుని, తొందర లేకుండా, రెండు చేతులా అన్నం తిన్నది.